లోకం మొదలు వెతికిన ఖాసిం సాబ్

పోయిన వారం మా మనవరాలు నన్ను కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళింది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొత్త అద్దాలు పెట్టుకోవాలన్నారు. చల్లటి గది, తెల్లటి దీపాలు, గోడల నిండా ఫ్రేములు. నేను కుర్చీలో కూర్చుని ఉండగా లోపలి గది తలుపు తెరుచుకుంది. అక్కడెవరో యంత్రం మీద అద్దం అంచు అరగదీస్తున్నారు. సన్నటి నీటి ధార, పళ్ళు జివ్వుమనిపించే గీరుకునే శబ్దం, వాటితోపాటు తడిసిన గాజుపొడి వాసన. అప్పుడే కడిగిన పలక వాసనకు దగ్గరగా ఉంటుంది అది. నేను లేచి బయటికి నడిచాను. మనవరాలు వెనకే పరిగెత్తుకొచ్చి "ఏమైంది నానమ్మా?" అంది. ఏమీ కాలేదన్నాను. ఆ వాసన నాకు యాభై ఏళ్ళ కిందటి పరిచయమని, అది పీల్చి చాలా కాలమైందని, అప్పుడు చేసిన పని ఒకటి ఇంకా ఎవరికీ చెప్పలేదని ఆ పిల్లకు ఫుట్‌పాత్ మీద నిలబడి ఎట్లా చెప్పను?

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. సికింద్రాబాద్ ఇంకా నిజాం రాజ్యంలో ఉంది. మా నాన్న రైల్వేలో గార్డుగా పనిచేసి, పనిలో ఉండగానే పోయాడు. అమ్మ, రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా అన్న రఘు, నేను, ముగ్గురమే ఇంట్లో. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆ రోజుల్లో అందరిలాగే నా చదువంతా ఉర్దూలో సాగింది. ఇంగ్లీషు మాత్రం నాన్న పట్టుబట్టి నేర్పాడు. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వచ్చేది. డాక్టరు కళ్ళజోడు రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని అమ్మా నేనూ స్టేషన్‌కు దగ్గర ఒక గల్లీలో ఉన్న ఖాసిం సాబ్ దుకాణానికి వెళ్ళాం.

దుకాణం చాలా ఇరుకు. ముందు ఒక బల్ల, దాని పక్కన కాలితో తొక్కితే తిరిగే సానరాయి, వెనక ఆకుపచ్చ పరదా. పరదా అవతల ఇల్లు. ఖాసిం సాబ్‌కు నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. జనగామ దిక్కు పల్లెటూరి మనిషి, మాతో సమానంగా తెలుగూ వచ్చు. ముంజేతుల దాకా గాజుపొడి. ఆయన ఎదురుగా స్టూలు మీద ధోవతి మీద నల్లకోటు వేసుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన నరహరి గారు, రిటైరైన పోస్టుమాస్టరు. మేం వచ్చిన సంగతి ఇద్దరికీ పట్టలేదు.

"వేగంగ పోయే బండిల గడియారం నిదానంగ నడుస్తది అంటున్న, గంతే," అంటున్నాడు ఖాసిం సాబ్.

"నిదానంగా నడిస్తే దాన్ని మరమ్మతుకు ఇయ్యాలె. దాని మీద సిద్ధాంతం రాయొద్దు," అన్నాడు నరహరి గారు.

పరదా వెనక నుంచి ఆడ గొంతు వచ్చింది. "గడియారం సంగతి సరే. బండిల కూసున్న మనిషి గుండె సుత గట్లనే నిదానంగ కొట్టుకుంటదా? ముందు గది చెప్పుండి."

ఆ గొంతు ఖాసిం సాబ్ భార్య రహమత్ బీది. ఆమె ముఖం చూడక ముందే ఆమె ప్రశ్న నాకు నచ్చింది. "ఎంత నిదానంగా నడుస్తుంది?" అని అడిగేశాను. అమ్మ నా మోచేయి గిల్లింది. ఖాసిం సాబ్ నన్ను చూసి, అట్ట ఊడిపోయిన ఉర్దూ పుస్తకం ఒకటి తీసి అందులో సూత్రం చూపించాడు. వర్గమూలాలున్నాయి. డాక్టరు చీటీ వెనక పెన్సిలుతో లెక్క వేశాను. మన మెయిలు బండి వేగానికి, మనిషి జీవితమంతా బండిలోనే కూర్చున్నా, తేడా కనురెప్పపాటు కూడా రాలేదు.

"చూసినవా? అసలు లేని ఫరక్‌కు ఇంత లొల్లి చేస్తున్నడు," అని నరహరి గారు నవ్వాడు.

"లేకపోవుడు వేరే, చిన్నగుండుడు వేరే నరహరి సాబ్," అన్నాడు ఖాసిం సాబ్. తర్వాత నా వైపు తిరిగి, "టీచరమ్మా, నాకు ఇంగ్లీషు రాదు. నీ అసొంటోళ్ళు మాకు ఒక్కరు కావాలె. ఇత్వారం నాడు పొద్దుగాల మేం కూసుంటం. అమ్మను తోల్కొని రా," అన్నాడు.

అమ్మ రెండు ఆదివారాలు వచ్చింది. మూడోసారి "నాకా గోల ఎక్కదు, నువ్వు లోపల ఆమె దగ్గర కూర్చుంటే చాలు" అని వదిలేసింది. అట్లా నా స్థానం పరదా అవతల రహమత్ బీ పక్కన కుదిరింది. ఆమెను నేను అక్కా అన్నట్టు ఆపా అనేదాన్ని. పరదా సగం పక్కకు లాగి ఉండేది. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనో, కుట్టుపని చేస్తూనో వినేది. పెద్దగా చదువుకోలేదు. అయినా ఒక్కో ఆదివారం వాళ్ళిద్దరూ గంటసేపు వాదించుకున్న దాన్ని ఒక్క ప్రశ్నతో మొదటికి తెచ్చేది. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని ఖాసిం సాబ్ చెప్పిన రోజు, "అయితే సూర్యుడు ఆరిపోయినంక సుత ఎనిమిది నిమిషాలు మనం ఎండల బట్టలు ఆరేసుకుంటనే ఉంటమన్నట్టు," అంది. నరహరి గారు గల్లీలోకి తొంగి ఎండను చూశాడు.

మిలిటరీ పల్టన్‌లో పనిచేసి వెళ్ళిపోయిన దొర ఒకడు ఖాసిం సాబ్‌కు పాత ఇంగ్లీషు పత్రికల కట్ట ఇచ్చి పోయాడు. అవి నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆకాశంలో నక్షత్రాల గుంపులు ఒకదానికొకటి దూరంగా పరిగెత్తుతున్నాయని వాటిలో ఉంది. అట్లా అయితే వెనక్కి పోతే ఒకనాడు అవన్నీ ఒక్కచోట ఉండాలి, అది లోకానికి మొదటి రోజు అయి ఉండాలి అని ఖాసిం సాబ్ పట్టుదల. లోకం అనాది, దానికి మొదలంటూ లేదు అని నరహరి గారి పట్టుదల. ఏడాదిన్నర వాళ్ళు దీని మీదే వాదించుకున్నారు. ఒకసారి నరహరి గారు కొంచెం కటువుగానే అన్నాడు. "దేవుడు ఒకనాడు లోకాన్ని పుట్టించిండని మీ మతం చెప్తది. అందుకే నీకు ఈ మొదలు నచ్చింది, అంతే."

ఖాసిం సాబ్‌కు కోపం వస్తుందనుకున్నాను. ఆయన చేతిలో ఉన్న అద్దాన్ని గుడ్డతో తుడిచి వెలుగుకు ఎత్తి చూశాడు. "నిజమే, నచ్చింది. నచ్చింది గనుకనే నాకు దాని మీద ఎక్కువ అనుమానం ఉండాలె. నువ్వు అడుగుతనే ఉండు నరహరి సాబ్, ఇడిసిపెట్టకు," అన్నాడు.

బడిలో నాకు ఎంతోమంది పాఠాలు చెప్పారు. తనకు ఇష్టమైన దాన్నే ముందు అనుమానించాలని చెప్పినవాడు ఆయనొక్కడే. ఆ గదిలో ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. ఎదుటివాడి మాటను కాదనాలంటే ముందు ఆ మాటను నువ్వు చెప్పాలి. "అవును, నేనన్నది గదే" అని వాడు ఒప్పుకోవాలి. అప్పుడే నీ వంతు. ఆ నియమంతో నా నోరు మొదటిసారి నిజంగా తెరుచుకుంది. ఇద్దరి మాటలనూ మధ్యలో అప్పజెప్పే పని క్రమంగా నాదైంది. నేను నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పగలనని, చెప్తే పెద్దవాళ్ళు ఆగి వింటారని ఆ దుకాణంలోనే తెలిసింది.

ఒక ఆదివారం 'ఒకేసారి' అన్న మాటకు అర్థమేమిటి అన్న చర్చ వచ్చింది. ఖాసిం సాబ్ పుస్తకంలోని రైలును తీసుకొచ్చి మన స్టేషన్‌లో నిలబెట్టాడు. "ప్లాట్‌ఫారం నడిమధ్యల నరహరి సాబ్ నిలబడ్డడు. బేగంపేట దిక్కు పోయే బండి నడిమధ్యల టీచరమ్మ కూసున్నది. ఇద్దరు ఎదురెదురుగ వచ్చిన గడియల బండి ముందు కొసకు ఒక పిడుగు, ఎనుక కొసకు ఒక పిడుగు పడ్డయి. నరహరి సాబ్‌కు రెండు వెలుగులు ఒకటేసారి అందినయి. ఆయన లెక్కల రెండు ఒకటేసారి పడ్డట్టు. టీచరమ్మ ముందుకు పోతున్నది గదా, ముందటి వెలుగు ఆమెకు ముందుగాల అందుతది. వెలుగు వేగం ఎవలికైన ఒకటే. గందుకని ఆమె లెక్కల ముందటి పిడుగే ముందు పడ్డట్టు."

"మరి ఎవరిది నిజం?" అంది రహమత్ బీ.

"ఇద్దరిది."

"ఇద్దరిది నిజమైతే కచేరీల ఏ సాక్షిని నమ్ముతరు?"

అందరం నవ్వాం. నరహరి గారికి బొమ్మ లేకపోతే అర్థం కావడం లేదంటే నేను పెద్ద కాగితం మీద స్కేలు పెట్టి పట్టాలు, స్టేషను, బండి గీశాను. రెండు కొసల్లో పిడుగు గుర్తులు పెట్టాను. ఒకవైపు మల్కాజ్‌గిరి, ఇంకోవైపు బేగంపేట అని దిక్కులు రాశాను. బండి వేగం వేశాను. కింద ఉర్దూలో, నా గుండ్రటి అక్షరాలతో, "బిజిలీ ఇక్కడ, బిజిలీ అక్కడ, రెండూ ఒకేసారి" అని రాశాను. ఉర్దూలో పిడుగునూ బిజిలీ అంటారు, కరెంటునూ బిజిలీయే అంటారు. ఖాసిం సాబ్ ఆ కాగితాన్ని ముచ్చటపడి, మడతపెట్టి, తన పుస్తకంలో దాచుకున్నాడు.

ఊరు అప్పటికే మారిపోతోంది. జిల్లాల నుంచి వచ్చే వార్తలు భయంకరంగా ఉండేవి. వేసవిలో ఒక ఆదివారం ఖాకీ బట్టలు వేసుకున్న నిజాం పక్షం వాలంటీర్లు నలుగురు దుకాణంలోకి వచ్చారు. కవాతుకు ఎందుకు రావడం లేదని ఖాసిం సాబ్‌ను నిలదీశారు. నరహరి గారిని చూపించి, "ఈళ్ళతోని నీకేం ముచ్చట?" అని ఉర్దూలో అడిగారు. "లోకం ఎప్పుడు పుట్టింది అని మాట్లాడుకుంటున్నం, కూసుంటే మీకు సుత చెప్త," అన్నాడు ఆయన. వాళ్ళలో ఒకడు చేతికర్రతో ముందున్న అద్దాల పెట్టె పగలగొట్టాడు. వాళ్ళు పోయాక రహమత్ బీ చీపురు తెచ్చి ఊడ్చింది. నరహరి గారు వెళ్ళిపోతానని లేచాడు. "కూసో. నీ మాట సగంల ఉన్నది," అన్నాడు ఖాసిం సాబ్.

వానాకాలం పోతూ ఉండగా హిందుస్థాన్ సైన్యం వచ్చింది. పోలీస్ యాక్షన్ అన్నారు. అయిదు రోజులు ఇళ్ళల్లోంచి ఎవరమూ కదల్లేదు. అయిదో రోజు సాయంత్రం రేడియోలో యుద్ధం ఆగిందని చెప్పగానే మా వీధిలో జనం బయటికొచ్చి కేకలు వేశారు. మా అన్న ఎవరినో కావలించుకుని ఏడ్చాడు. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. భయపెట్టినవాళ్ళు పోయారన్న సంతోషం. ఖాసిం సాబ్ గల్లీలో మాత్రం అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఆ తలుపుల వెనక ఉన్నవాళ్ళకు ఆ రోజు ఎట్లా ఉందో నేను ఆలోచించలేదు.

మూడు వారాల తర్వాత దుకాణం మళ్ళీ తెరిచాడని విన్నాను. ఆదివారం వెళ్దామనుకున్నాను. శుక్రవారమే పోలీసుల సోదా జరిగింది. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో ఈనాటికీ తెలియదు. ప్రతి ఆదివారం ఆ గదిలో మంతనాలు జరుగుతాయని ఎవరో చెప్పి ఉంటారు. పుస్తకాలు, పత్రికలు, కాగితాలు గోనెసంచిలో వేసుకుని, ఆయన్నీ తీసుకుపోయారు.

మర్నాడు వానలో రహమత్ బీ మా ఇంటికి వచ్చింది. ఆమె ఒంటరిగా వీధి దాటడం నేను చూడటం అదే మొదలు. బురఖా అంతా తడిసిపోయింది. లోపలికి రమ్మన్నా గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ రైలు బొమ్మ దొరికిందట యశోదా. బండిని పేల్చనీకి గీసిండని అంటున్నరట. బిజిలీ అంటె కరెంటు పెట్టి పేల్చుడట. రెండు దిక్కుల ఒకటేసారి అని రాసి ఉన్నదట. నువ్వే రాసినవ్ గద బిడ్డా. అదేందో నువ్వు జెర చెప్తే ఇంటరు. నిన్ను సుత పిలుస్తరు. వచ్చి చెప్తవా?"

"చెప్తా ఆపా. తప్పకుండా చెప్తా," అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. వాన ఇంకా పడుతూనే ఉంది. ఆమె వెళ్ళిపోయింది.

అన్న అంతా విన్నాడు. నన్ను పిలిచిన రోజు, రిక్షాలో నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "మా ఆఫీసుల ముగ్గురిని తీసేసిండ్రు. అనుమానం ఉన్నదంటే చాలు, అడిగేది లేదు. నీ రాత అని తెలిస్తే నీ బడి పోతది, నా నౌకరి పోతది. అమ్మను ఎక్కడ పెడుదం? గా ముసలాయన ఉన్నడు గదా, ఆయన చెప్తడు. నువ్వు కళ్ళజోడుకు పోయినవ్. గంతే చెప్పు." రిక్షా దిగి అన్న వెనకే నడిచాను.

ఒక పాత బంగళాను కొత్తగా ఆఫీసు చేశారు. అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చిన తెలుగాయన, మర్యాదస్తుడు. ఆయనకు ఉర్దూ రాదు. పక్కన గుమాస్తా ఒకడు అన్నీ తెలుగులోకి మార్చి చెప్తున్నాడు. ముందు నరహరి గారిని అడిగారు.

"మీరు ప్రతి ఆదివారం అక్కడేం మాట్లాడుకునేవారండీ?"

"లోకానికి మొదలు ఉన్నదా, లేదా అని."

"ఊరు తగలబడిపోతుంటేనా?"

"అవును. ఊరు తగలబడుతుంటెనే," అన్నాడు నరహరి గారు. "ఆ బొమ్మల పేలుడు లేదు, ఏం లేదు. అది పిడుగు. వెలుగు గురించి లెక్క. నాకు ఉర్దూ చదువరాదు. ఈ అమ్మాయికి వస్తది. ఈమెను అడుగుండి, వివరంగ చెప్తది."

అధికారి కాగితాన్ని నా ముందుకు జరిపాడు. నా స్కేలు గీతలు. నా గుండ్రటి అక్షరాలు. మూలన, తప్పు వేసి కొట్టేసిన నా గుణకారం కూడా ఉంది. తలుపు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు.

"ఈ రాత ఎవరిదో తెలుసా అమ్మా?"

"తెలీదండీ."

"అక్కడికి వెళ్ళేవారట కదా?"

"కళ్ళజోడు చేయించుకోవడానికి వెళ్ళానండీ."

"ఉర్దూ చదవడం వచ్చుగా. ఇదేమిటో కాస్త చెప్పగలరా?"

నాకు వచ్చు. ఆ గదిలో ఆ ఒక్క కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పగలిగినదాన్ని నేనే. పది నిమిషాల పని. ఆయన వినే మనిషిలాగే ఉన్నాడు, అది ఇంకా బాధ. "ఇది నాకు అర్థం కావడం లేదండీ," అన్నాను. నా గొంతు వణకలేదు. బడిలో హాజరు పిలిచినంత మామూలుగా వచ్చింది మాట.

నరహరి గారు నా వైపు చూడలేదు. బయటికొచ్చాక మెట్ల మీద ఆగాడు. "మా ఇద్దరి మాటలు ఎప్పుడూ నువ్వే అప్పజెప్పేదానివి. ఇయ్యాళ నీ మాట సుత నీకు చెప్పరాలే," అన్నాడు. గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అది. మళ్ళీ రెండు మూడుసార్లు ఒక్కడే ఆ బంగళాకు వెళ్ళాడని, గేటు దగ్గరే తిప్పి పంపేశారని తర్వాత విన్నాను.

ఖాసిం సాబ్‌ను ఏడాది దాటి మూడు నెలలు ఉంచారు. విచారణ జరిగిందో లేదో నాకు తెలియదు. ఒకరోజు వదిలేశారు, అంతే. అప్పటికి గల్లీలో దుకాణం లేదు. సానరాయి ఉన్నచోట ఎవరో బట్టల మూటలు పెట్టుకున్నారు. ఆ పదిహేను నెలల్లో నేను రహమత్ బీని చూడటానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ గల్లీ ముందు నుంచి నడవాల్సి వస్తే చుట్టు తిరిగి వేరే వీధిలో బడికి వెళ్ళేదాన్ని. ఆయన బన్సీలాల్‌పేటలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడని బడిలో ఒక అమ్మాయి చెప్తే, పది రోజులు ఆలోచించి, ఒక మధ్యాహ్నం బయల్దేరాను.

చేతిలో ఇంగ్లీషు పత్రిక ఒకటి పట్టుకెళ్ళాను. క్షమించమని అడిగే ధైర్యం లేక, ఏదో ఒకటి ఇస్తే మాట మొదలవుతుందన్న ఆశ. అందులో కొత్త వాదం గురించి రాశారు. లోకానికి మొదలే లేదట. అది విస్తరిస్తున్నకొద్దీ ఖాళీ అయిన చోట కొత్త పదార్థం పుడుతూ ఉంటుందట. ఖాసిం సాబ్ అంతకాలం ఒప్పుకోని మాట అది. పాత ఖాసిం సాబ్ అయితే అది వింటూనే సానరాయి ఆపేసి లేచి నిలబడేవాడు.

వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. చేతి వేళ్ళు ఒకటే వణుకుతున్నాయి. ఇంకెప్పుడూ అద్దం పట్టలేవని చూడగానే తెలిసింది. నన్ను గుర్తుపట్టాడు. "టీచరమ్మా, కూసో," అన్నాడు. లోపలి గది తలుపు దగ్గర గాజుల చప్పుడు వినిపించింది. రహమత్ బీ అక్కడే ఉంది. నేను "ఆపా" అని పిలిచాను. ఆమె పలకలేదు.

"ఖాసిం సాబ్, నేను ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"నాకు తెలుసు," అన్నాడు. "ఆ రాత నాదే అని నేను మొదటి దినమే చెప్పిన. నీ పేరు తియ్యలే. తీస్తే నిన్ను సుత కూసోబెడ్తరు గద."

ఆయన నన్ను కాపాడుతూ అబద్ధం చెప్పాడు. నేను నన్ను కాపాడుకుంటూ అబద్ధం చెప్పాను. రెండు అబద్ధాలూ సరిగ్గా అతికిపోయాయి.

"నేను చెప్పి ఉంటే వదిలేసేవాళ్ళా?" అని అడిగాను.

"ఎవలకు తెలుసు. ఇడుద్దురో, నిన్ను సుత ఏసుకుపోదురో." వేళ్ళు ఒళ్ళో ముడుచుకుని అన్నాడు. "నువ్వు వచ్చి చెప్తే బాగుండని రోజు అనుకున్న. నువ్వు రాకుంటే బాగుండని సుత రోజు అనుకున్న."

నేను ఏడుస్తూనే పత్రిక తీసి, ఆ కొత్త వాదమేమిటో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నియమం ప్రకారమే, తడబడకుండా, వాళ్ళ మాటను వాళ్ళ మాటగానే చెప్పాను. చెప్తూ ఆయన ముఖం చూస్తున్నాను. ఎక్కడో ఒక చోట "ఆగు" అంటాడని, "గట్లెట్ల అయితది" అంటాడని. ఆయన వీధిలో పోయే ఎద్దుబండిని చూస్తున్నాడు. నేను ఆపాను.

"అయితే నరహరి సాబ్‌దే నిజమైంది," అన్నాడు. "గెలిచిండని చెప్పు ఆయనకు."

"నరహరి గారు పోయారు ఖాసిం సాబ్. నాలుగు నెలలైంది."

ఆయన తలూపాడు. ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. "మొదలు ఉంటే ఏంది, లేకుంటే ఏంది టీచరమ్మా. నాకిగ అవన్ని వద్దు. గా కాయితం తీస్కపో," అన్నాడు. కోపంగా అనలేదు. ఆకలి లేని మనిషి కంచం పక్కకు జరిపినట్టు అన్నాడు. కొట్టారో, తిట్టారో, ఆ పదిహేను నెలలు ఏం చేశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఏం చేసినా సరే, వాళ్ళు ఆయనలోంచి తీసేసిందేమిటో నా కళ్ళ ముందే ఉంది. అది నిలబడటానికి నేను పది నిమిషాలు మాట్లాడితే సరిపోయేదేమో.

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేకపోయాను. రెండేళ్ళకు ఆయన పోయారని తెలిసింది. తెలిసేసరికే నలభై రోజులు గడిచిపోయాయి. ఆ తర్వాత నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, బడి మారింది. తరగతిలో పిల్లలు లేచి ఎదురు ప్రశ్న వేస్తే నా తోటి టీచర్లు కూర్చోమనేవారు. నేను చెప్పనిచ్చేదాన్ని. మంచి టీచరు అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని. వినయం అనుకున్నారు.

ఖాసిం సాబ్‌ను ఆఖరిసారి చూసిన పదిహేనేళ్ళకు, ఒకరోజు స్టాఫ్‌రూములో పేపరు చదువుతుంటే లోపలి పేజీలో చిన్న వార్త కనిపించింది. లోకం పుట్టిన తొలినాళ్ళలోని వేడి ఇంకా కొంత మిగిలి అన్ని దిక్కులా వ్యాపించి ఉందని, దాన్ని శాస్త్రవేత్తలు పట్టుకున్నారని. అంటే మొదలు ఉంది. మొదలు లేదన్న వాదం ఇక నిలవడం కష్టమని రాశారు. పేపరు మడిచి, తలనొప్పి అని చెప్పి బడి నుంచి బయటపడ్డాను. ఇద్దరు ముగ్గురిని అడిగితే రహమత్ బీ మల్కాజ్‌గిరిలో తమ్ముడి కొడుకు ఇంట్లో ఉందని తెలిసింది. లోకల్ రైలు ఎక్కి వెళ్ళాను.

ఆమె బాగా ముసలిదైపోయింది. నులకమంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను పేరు చెప్పకముందే, "యశోదవు గద," అంది. ఎదురుగా పీట చూపించింది. నేను పేపరు విప్పి, వార్త చదివి, తెలుగులో చెప్పాను. "ఖాసిం సాబ్ చెప్పిందే నిజమని తేలింది ఆపా. ఆయనదే కరెక్టు," అన్నాను. ఆ మాట చెప్తే ఏదో కొంత తీరుతుందనుకున్నాను. ఏం తీరుతుందనుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆమె చేతిలోని కాయ పూర్తిగా ఒలిచి గిన్నెలో వేసింది. "ఆయన మాట నిజమని నాకు అప్పుడే తెలుసు. నీకు సుత తెలుసు," అంది. "నాకు చెప్పనీకి గింత దూరం వచ్చినవ్. చెప్పాల్సిన కాడ చెప్పలే."

ఆమె లోపలికి కేక వేసి చాయ్ తెమ్మంది. కోడలు తెచ్చింది. రహమత్ బీ తన చేత్తో సాసరు తుడిచి, కప్పు దాని మీద పెట్టి నాకు అందించింది. వేడిగా ఉంది, చూసుకుని తాగమంది. తాగాను. పిల్లలు ఎంతమంది, అమ్మ ఉందా అని అడిగింది. చెప్పాను. ఆమె గొంతులో కోపం ఎక్కడా లేదు. ఉంటే పట్టుకుని వేలాడేదాన్ని.

లేచి చెప్పులు వేసుకుని, "పోయొస్తా ఆపా," అన్నాను. మా దగ్గర ఎంత కాని మనిషినైనా 'పోయిరా' అనే సాగనంపుతారు. మళ్ళీ రమ్మని మనసులో లేకపోయినా నోట్లోంచి ఆ మాటే వస్తుంది. రహమత్ బీ నా ముఖంలోకి చూసింది.

"మంచిది బిడ్డా," అంది. "పో."